పదహారు వైపు వెళ్ళే చెయ్యి

వడ్డాణం ఒకటి. వంకీలు రెండు జతలు. కంటెలు రెండు. పాపిడిబిళ్ళలు మూడు. భుజకీర్తులు ఒక జత. విడివిడిగా లెక్కపెడితే పన్నెండు. అన్నీ రోల్డుగోల్డువే. గుడివాడలో నాటకాలకు నగలు అద్దెకిచ్చే పెద్దాయన వాటిని మెరుగు పెట్టించడానికి చిలకలపూడిలో మా దుకాణానికి తెచ్చాడు. పోగొట్టింది నేను.

నేను అక్కడ గుమస్తాను. మెరుగుకు వచ్చిన ప్రతి పొట్లానికి నంబరు వేసి, చీటీలో సగం పొట్లానికి కట్టి, సగం తెచ్చినవారికి ఇచ్చేవాణ్ణి. నేను చేరేనాటికి నంబర్లు వరసగా ఉండేవి. తన చీటీ నలభై అయితే తర్వాతవాడిది నలభై ఒకటని ఎవరైనా చెప్పగలరు. అందుకని వరస తీసేసి, ఒక అక్షరం, మూడంకెలు తోచినట్టు రాయడం మొదలుపెట్టాను. 'శ్రీ'తో కలిపి పది అక్షరాలు, ఒక్కోదానికి తొమ్మిదివందల అంకెలు. తొమ్మిది వేల చీటీల్లో ఒకదాన్ని ఎవడు ఊహిస్తాడనుకున్నాను.

ఒక ముసురు రోజున ఎవరో వచ్చి, చీటీ తడిసి ముద్దయిందని, నంబరు మాత్రం గుర్తుందని చెప్పాడు. శ్రీ 516. పొట్లం మీద అదే ఉంది. ఇచ్చేశాను. మూడోనాడు పెద్దాయన అదే నంబరు చీటీని బల్ల మీద పెట్టాడు. పై వారం అవనిగడ్డలో నాటకానికి నగలు ఒప్పుకుని ఉన్నాడు.

"చీటీ నా జేబులోనే ఉంది గదండీ. మరి సరుకెట్టా వెళ్ళింది?"

ఆ మధ్యాహ్నం చీటీల పుస్తకం ముందేసుకుని లెక్కపెట్టాను. రెండువందల నలభై చీటీల్లో పదహారుతో ముగిసేవి రెండో మూడో ఉండాలి. అరవై ఒకటి ఉన్నాయి. 'శ్రీ' ఇరవై నాలుగు చోట్ల ఉండాలి. తొంభై ఏడు చోట్ల ఉంది. కాగితం మీద ముందు శ్రీ రాసి, పెళ్ళిళ్ళలో నూటపదహార్లు, అయిదువందల పదహార్లు ఇచ్చిన చెయ్యి అది. దానికి తోచినదే ఇంకొకడికీ తోచింది. దుకాణదారు పుస్తకం తిరగేసి ఒక్క మాటే అన్నాడు.

"నంబర్లేశావా మావయ్యా, చదివింపులు రాశావా?"

మర్నాడు చింతగింజల మీద అంకెలు గీసి ఒక డబ్బాలో, అక్షరాలు గీసి ఇంకో డబ్బాలో వేశాను. కుదపడం, చూడకుండా తీయడం, రాసుకోవడం, మళ్ళీ లోపల వేయడం. పుస్తకంలో ఉన్న నంబరే వస్తే ఇంకోసారి తీయడం. మూడోరోజున 333 వచ్చింది. గింజలు సరిగ్గా కలిసినట్టు లేదు, ఆ నంబరు తీసెయ్యమన్నాడు దుకాణదారు. తీయలేదు. నచ్చనివి ఏరేస్తే మళ్ళీ నా చెయ్యే రాసినట్టు.

పోయినవాటిలో పదకొండింటికి అచ్చులు దొరికాయి. పనివాళ్ళు అయిదు రోజుల్లో చేసిచ్చారు. వడ్డాణం అచ్చు చిలకలపూడి మొత్తంలో ఎవరి దగ్గరా లేదు. అవనిగడ్డలో రాణి వేషం కట్టినామె నడుముకు పమిట చుట్టుకుని నిలబడిందని తర్వాత తెలిసింది. ఆ కంపెనీ మళ్ళీ పెద్దాయన దగ్గర నగలు తీసుకోలేదు.

వేరే వడ్డాణం తీసుకుని రెండుసార్లు గుడివాడ వెళ్ళాను. రెండుసార్లూ మజ్జిగ ఇచ్చి, దాన్ని చేత్తో తిప్పి చూసి, తిరిగి నా సంచిలోనే పెట్టాడు.

"బాగుందండీ. కానీ నేనిచ్చింది ఇది కాదు గదా."

పన్నెండులో పదకొండు చెల్లాయి. బాకీ ఒకటి.