పాత చిల్లుల్లోంచే వేసిన కుట్టు

"...ముట్టుకోవద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా, ముందది చెప్పు."

"ఊడిపోతుంటే చూస్తూ కూర్చోమంటావా?"

"కూర్చోవాలి మామయ్యా. అది నీ పుస్తకం కాదు, ప్రభుత్వానిది. లోపల రాసే ఉంటుంది."

"చదివాను. ఊడిన పేజీలతో ఊరేగమని మాత్రం రాయలేదు."

బైండింగ్ మేస్త్రీ, ఆయన చెల్లెలి కూతురూ ఒక గాజు గదిలో, నేలకు బిగించిన ఇనప కుర్చీల్లో కూర్చుని పోట్లాడుకుంటున్నారు. అద్దంలోంచి పాస్‌పోర్టు తనిఖీ వరసలు కనిపిస్తున్నాయి. వాళ్లెక్కాల్సిన రెండో విమానానికి ఇంకా గంటా పది నిమిషాలుంది.

పాస్‌పోర్టు చూసేది చివరికి దిగే ఊళ్లోననే ఇద్దరూ అనుకున్నారు. తీరా చూస్తే యూరప్‌లో మొదట కాలు పెట్టిన చోటే చూస్తారట. అక్కడ ముద్ర పడిందా, ఆ పైన విమానం మారడం సిటీ బస్సు మారినంత సులువు. పడకపోతే వచ్చిన దారినే వెనక్కి.

వరసలో నిలబడ్డప్పుడే మేస్త్రీకి ఒళ్లు మండింది. ఒక పక్క అక్కడి పాస్‌పోర్టులున్న వాళ్లు వాటిని యంత్రానికి ఆనించి, గేటు తెరుచుకోగానే విలాసంగా నడిచిపోతున్నారు. రెండో పక్క 'మిగతా దేశాలు' అన్న బోర్డు కింద నాలుగు వందల మందికి మూడు కౌంటర్లు, అందులో ఒకటి మూత. బోర్డు మీద ఏం రాశారని ఆయన అడిగితే కోడలుపిల్ల చదివి చెప్పింది. "ప్రపంచమంతా కలిసి వీళ్లకి మిగతా అయిందన్నమాట," అన్నాడు.

ఆమెకు నిమిషంలో ముద్ర పడింది. మేస్త్రీ పాస్‌పోర్టు దగ్గర మాత్రం ఆ కుర్ర అధికారి చెయ్యి ఆగింది. నడిమి పేజీలు తెరిచి, రెండు బొటనవేళ్లతో పుస్తకం వీపు ఫెళ్లుమనేలా వెనక్కి విరిచాడు. "మెల్లిగా బాబూ, అలా విరవకూడదు," అని మేస్త్రీ తెలుగులోనే అన్నాడు. అధికారి దొంగ పాస్‌పోర్టుల్ని పట్టించే నీలం దీపం వేశాడు. ఆ దీపం కింద పాస్‌పోర్టు కుట్టిన దారం పై సగం మిణుగురులా మెరిసింది. కింది సగం నల్లగా ఉండిపోయింది. ఆ నల్లటి సగం మేస్త్రీ కుట్టింది.

జరిగింది చాలా చిన్న సంగతి. వీసా ఆఫీసులో గుమాస్తా జిరాక్సు తీస్తూ పాస్‌పోర్టును గాజు మీద బోర్లించి అరచేత్తో అదిమాడు. దారం తెగింది. ఇంటికి తెచ్చి చూస్తే నడిమి కాగితాలు ఊడబోయే పళ్లలా కదులుతున్నాయి. ముప్పై ఎనిమిదేళ్లుగా ప్రెస్సు వెనక రేకుల షెడ్డులో పుస్తకాలు కుట్టిన మనిషి ఆయన. స్నేహితుల ఇళ్లకెళ్లినా పిల్లల నిఘంటువు వీపు నొక్కి చూడనిదే మంచినీళ్లు ముట్టడు. తన సొంత పాస్‌పోర్టు అలా వదులుగా ఉంటే ఆ చేతులు ఊరుకుంటాయా? నార దారానికి మైనం పట్టించి, సన్న సూదితో, పాత చిల్లుల్లోంచే కుట్టాడు. కొత్తగా ఒక్క చిల్లు పొడవలేదు. బయల్దేరిన చోట అధికారి దాన్ని తిప్పి చూసి కూడా గుర్తుపట్టలేదు. అందుకు మేస్త్రీ విమానంలో లోలోపల మురిసిపోయాడు కూడా.

ఆ పనితనం వల్లే ఆయనకు ఈ ప్రయాణం వచ్చింది. ఆయన బాగుచేసిన ఒక పాత నిఘంటువు చేతులు మారి ఎక్కడో చిన్న ఊరి గ్రంథాలయానికి చేరింది. అక్కడి గ్రంథపాలకురాలు ఆ కుట్టు చూసి, ఎవరి చెయ్యో వెతికి పట్టుకుని, పది రోజులొచ్చి మా వాళ్లకు నేర్పమని ఉత్తరం రాసింది. రేపు పొద్దున పదింటికి పన్నెండు మంది బైండర్లు బల్లల ముందు కూర్చుని ఉంటారు. తోడుగా ఒక సహాయకురాలిని తెచ్చుకోవచ్చన్నారు. ఇంగ్లీషు వచ్చు కదా అని ప్రెస్సులో అక్షరాలు కూర్చే మేనకోడల్ని తీసుకొచ్చాడు. ఆమె అనుకున్నది మాత్రం వేరు. ఐదేళ్లుగా ఆదివారాలు షెడ్డులో కూర్చుని ఆ కుట్టు నేర్చుకుంది. ఎన్నిసార్లు కుట్టినా ఆఖరి ఫారం, అంటే చివరి పేజీల కట్ట, ఆయన విప్పేసి, "బిగువు చాల్లేదే," అని మళ్లీ తనే కుట్టేవాడు. సహాయకురాలంటే పెట్టె మోసేదని అర్థం మామయ్యా, అని దారి పొడుగునా దెప్పుతూనే ఉంది.

తలుపు తెరుచుకుంది. జుట్టు నెరిసిన పై అధికారిణి ఒక కాగితంతో వచ్చి ఎదురుగా కూర్చుంది. మర్యాదగానే మాట్లాడింది. పేజీలన్నీ లెక్క సరిపోయాయని, ఆహ్వానం నిజమేనని గ్రంథాలయానికి ఫోను చేసి కనుక్కున్నామని చెప్పింది. అయినా పుస్తకం తెరిచి కుట్టారు కాబట్టి ఈ కాగితం మీద సంతకం పెట్టాలి. పెడితే ఈ ఒక్కసారికి పది రోజులు వదులుతారు, వీసా మాత్రం వెళ్లేటప్పుడు రద్దవుతుంది. పెట్టకపోతే సాయంత్రం విమానానికి వెనక్కి.

"ఏముందందులో?" అన్నాడు మేస్త్రీ.

కోడలుపిల్ల చదివింది. ఒకచోట ఆగింది. "మోసం చేసే ఉద్దేశంతో పాస్‌పోర్టు పేజీల్ని మార్చానని ఒప్పుకుంటున్నాను, అని."

మేస్త్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది. దొంగ పేజీ అంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పాలా? కోర్టువాళ్లు రెండుసార్లు ఆయన్ని పిలిపించుకున్నారు. భూముల రిజిస్టరులో పేజీ దూర్చారా లేదా చెప్పమన్నారు. రెండోసారి, దారం పాతదే గానీ చిల్లు కొత్తదని వేలుపెట్టి చూపించాడు. ఆ వేలు వల్ల ఒక ముసలాయన ఇల్లు నిలబడింది. ఇప్పుడా వేళ్లతోనే దొంగనని రాసివ్వాలట. పుస్తకాన్ని విరిచినవాడికి జీతం, అతికినవాడికి సంజాయిషీ.

"మోసం మాట కొట్టేసి, బాగుచేశానని రాయమను. ఇప్పుడే పెడతాను సంతకం," అన్నాడు.

కోడలుపిల్ల అడిగింది. అచ్చయిన కాగితం, ఒక్క మాట కూడా మార్చడం కుదరదంది అధికారిణి. రోజుకు ఎంతోమంది పెడతారు, ఇదొక పద్ధతి మాత్రమే, ఎవరూ చదవరు కూడా అంది.

"పెట్టేయ్ మామయ్యా," కోడలుపిల్ల గొంతు తగ్గించింది. "ఎవరూ చదవరట. పది రోజులు పని చేసుకుని పోదాం. నీకోసం పన్నెండు మంది ఎదురుచూస్తున్నారు."

"ఎవరూ చదవరని కుట్టు వదులుగా వేస్తానా నేను?"

అద్దం అవతల వరస ఒక అడుగు ముందుకు జరిగింది. అధికారిణి గడియారం చూసుకుని, కలం మూత తీసి మేస్త్రీ వైపు జరిపింది. ఆయన కాగితం మడత సరిగ్గా లేదని చూసి, గోటితో ఒకసారి గీసి సరిచేసి, తిరిగి ఆమె ముందే పెట్టాడు. కలం ముట్టుకోలేదు. మేనకోడలి వైపు తిరిగాడు.

"నేను సాయంత్రం విమానానికి వెనక్కి పోతానని చెప్పు ఆవిడకి. సూదుల పెట్టె సామాన్లలో ఉంది, దిగగానే తీసుకో. రేపు పొద్దున వాళ్లకి ఆ కుట్టు వేసి చూపించేది నువ్వే. ఆఖరి ఫారం దాకా."