మోటారు మీద అరచెయ్యి

లిఫ్టు పెద్దాయన అంటే ఊళ్లో తెలియనివాళ్లుండరు. పల్లెటూరి బడిలో అయిదో తరగతితో పలక పక్కన పెట్టేసి, పట్నమొచ్చి, మెట్లెక్కలేని జనాన్నంతా మేడలెక్కించిన మనిషి. కోర్టు లిఫ్టు ఆయన బిగించిందే, పెద్దాసుపత్రిదీ ఆయన బిగించిందే. వరదలో మునిగిన మార్కెట్టు లిఫ్టును విప్పి, ఆరబెట్టి, మళ్లీ నడిపించిన రోజు జనం ఈలలు వేశారు. తన చేతికింద నడిచిన లిఫ్టులో ఎవరికీ గోరైనా ఊడలేదని ఇప్పటికీ మీసం దువ్వుతూ చెబుతాడు. ఆ వెంటనే ఇంకో మాట తగిలిస్తాడు.

"ఏ దేవుడికీ దండం పెట్టలేదు. ఎవడితోనూ అబద్ధమాడలేదు. నాకేం తక్కువైందిరా?"

అంతటి మనిషి ఆ ఉదయం పెద్దాసుపత్రిలో, చెల్లెలి మంచం పక్కన నీళ్లు నములుతూ నిలబడ్డాడు. ఆమెకు గుండె ఆపరేషన్. స్ట్రెచర్ వచ్చి వాకిట్లో ఉంది. ఇక ఆలస్యం చేస్తే లాభం లేదని డాక్టరు చెప్పేశాడు. ఆమె మాత్రం కదలనంది.

"నాకోసం ఒక్కసారి దండం పెట్టుకో అన్నయ్యా. అప్పుడే వెళ్తా."

"దండాలు పెట్టడానికి నీ మొగుడు లేడుటే?"

"ఆయన చెప్పులు కొనే ముందు కూడా పెడతాడు. ఆ దండానికి విలువేముంది?"

కాళ్ల దగ్గర నిలబడ్డ ఆమె భర్త నవ్వబోయి ఆగిపోయాడు. "ఊఁ అనేద్దురూ బావగారూ! ఒక్క అబద్ధానికి కొంపేం మునిగిపోదు" అని గొణిగాడు.

"అబద్ధమెందుకవుతుంది?" అంది చెల్లెలు. "మీరంతా నమ్మరు గానీ, అన్నయ్య చాటుగా దండం పెట్టుకుంటాడు. అన్నం క్యారేజీ తెచ్చినప్పుడల్లా నా కళ్లతో చూశాను. లిఫ్టు పైనుండే ఆ ఇరుకు గదిలో, మోటారు మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని..."

పెద్దాయనకు చిర్రెత్తుకొచ్చింది. "ఓసి పిచ్చిమొహమా! అది బేరింగు చూడ్డమే! లోపల అరిగిపోతే అదురు చేతికి తెలుస్తుంది. కళ్లు మూసుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది."

"అంతసేపా?"

పెద్దాయన తన అరచేతి వంక చూసుకున్నాడు.

నిజమే, అంతసేపెందుకు? బేరింగు సంగతి చెయ్యి వేయగానే తెలిసిపోయేది. వేలు నాలుక్కి తగిలితే ఉప్పు తెలిసినంత తొందరగా. ఆ తర్వాత కూడా చెయ్యి తీసేవాడు కాదు. కింద పిల్లలూ ముసలివాళ్లూ ఎక్కబోతున్నారన్న తలపు ఒక్కటే ఉండేది. ఆ తలపుతో ఎవరినైనా ఏమైనా అడిగాడా? అడిగినట్టు గుర్తులేదు. అడగలేదని ఒట్టేసి చెప్పగలడా? అదీ లేదు. ఇన్నేళ్లూ మీసం దువ్వి చెప్పుకున్న మాటకు అడుగున ఏముందో ఆయనకే అంతు చిక్కలేదు.

ఇప్పుడు ఊఁ అంటే చెల్లెలు లోపలికి వెళుతుంది. కానీ అన్నయ్య అబద్ధమాడడన్న ధైర్యంతోనే కదా వెళ్లేది! ఆ ధైర్యాన్ని అబద్ధంతో ఎలా ఇవ్వడం? ఊహూఁ అంటే అసలే వెళ్లదు.

ఏం చేస్తున్నాడో తెలియకుండానే ఆమె మణికట్టు మీద అరచెయ్యి వేశాడు. కళ్లు మూసుకున్నాడు. చేతికింద నాడి తడబడుతూ కొట్టుకుంటోంది. తనకు తెలిసిన ఏ మోటారూ అలా కొట్టుకోలేదు. చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"పెట్టావా?" అందామె.

"ఏమో తల్లీ. నాకు తెలియదు."

"తెలియదా?"

"ఒట్టు. నాకు నిజంగా తెలియదే."

ఆమె అన్నయ్య ముఖంలోకి చూసింది. ఆయన నోట తెలియదన్న మాట ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

"పెట్టానని ఉంటే నన్ను ఊరుకోబెడుతున్నావనుకునేదాన్ని" అని, స్ట్రెచర్ వైపు చెయ్యి ఊపింది. "రమ్మనండి."

ఆపరేషన్ గది పై అంతస్తులో ఉంది. స్ట్రెచర్ లిఫ్టులోకి వెళ్లాక తలుపులు మూసుకున్నాయి. పెద్దాయన తలుపు చట్రం మీద అరచెయ్యి ఆనించాడు. సన్నని అదురు పైకి పాకుతూ పోయి, ఆగింది. పై అంతస్తు దీపం వెలిగింది.

"లిఫ్టు బాగానే ఉందా బావగారూ?" అన్నాడు చెల్లెలి భర్త.

"లిఫ్టుకేం, బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు పెద్దాయన, కళ్లు తెరవకుండానే.

చెయ్యి మాత్రం తియ్యలేదు.