పెడల్ తొక్కే మనిషి

ఎనభైల మధ్యలో ఒక పీర్ల పండుగనాడు, తాండూరులో నా పాత కారు డాష్‌బోర్డు మీద బ్రేకు దీపం ఆరలేదు. హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించినా ఆరలేదు. దిష్టి తగిలిందనే జవాబు మా వీధిలో ఎవరినడిగినా దొరికేది. దీపానికి దిష్టితో పని లేదు. ఎక్కడో ఏదో తక్కువైతేనే అది వెలుగుతుంది. బానెట్ ఎత్తాను. బ్రేకు ఆయిల్ డబ్బా అడుగంటింది. కారు కిందికి దూరి చూస్తే, వెనుక చక్రం దగ్గర రబ్బరు పైపు చిట్లి, నాపరాయి దుమ్ము తడిసి ముద్దకట్టి ఉంది.

మరునాడు వికారాబాద్ వెళ్లాలి. అనంతగిరి కొండ మీది క్షయ ఆసుపత్రి నుంచి అక్కను ఇంటికి పంపిస్తున్నారు. ఆమె ఊపిరితిత్తులు బస్సులో ఆ తొక్కిడికి తట్టుకోలేవు. నాకు మిగిలింది ఆమె ఒక్కతే. బ్రేకు లేకుండా ఆ కొండ ఘాటు రోడ్డు దిగలేను.

డిక్కీలో ఉన్న కొత్త పైపు బిగించి ఆయిల్ పోశాను. దీపం ఆరింది. కాని పెడల్ మెత్తగా లోపలికి పోతోంది. గొట్టాల్లో గాలి చేరింది. అది తీయాలంటే ఒకరు పెడల్ తొక్కి పట్టాలి, ఇంకొకరు చక్రం దగ్గర నట్టు వదులు చేయాలి. రెండో మనిషి కావాలి. మెకానిక్కులు షెడ్లు మూసి పీర్ల దగ్గరికి పోయారు. వీధంతా అక్కడే ఉంది. పీర్లకు మొక్కితే జ్వరాలు తగ్గవని కిందటేడు ఇదే వీధి మొగన సభ పెట్టి చెప్పాను. ఒక్కరైనా ఎదురు వాదించలేదు. వాదిస్తే బాగుండేది. నా గుమ్మం తొక్కడం మానేశారు. నా మాట తప్పని ఇప్పటికీ అనుకోను.

పక్కింటి ముసలామె పీర్లకు పెట్టే మలీదా గిన్నె మరిచిపోయి వెనక్కి వచ్చింది. ఏడాదిగా నాతో మాట్లాడని మనిషి, కారు కింద నా కాళ్లు చూసి ఆగింది.

"సారూ, బతికే ఉన్నవా?"

"ఉన్నమ్మా. జర లోపల కూసోని ఆ పెడల్ తొక్కుతరా?"

"యా అల్లా, నేనా? బస్సుల గూడ ముంగట కూసోలె." అంటూనే చెప్పులు విడిచి ఎక్కింది. "దేవుని పేరు తీసుకోని తొక్కాల్నా, తీసుకోకుంటనా?"

"మీ ఇష్టం. గట్టిగ తొక్కుండ్రి."

"గట్లయితే తీసుకుంట. నీకేం ఖర్సు?"

తొక్కమంటే తొక్కి పట్టింది. నేను నట్టు బిగించి వదలమంటే వదిలింది. మొదట బుడగలు వచ్చాయి, తర్వాత ఆయిల్ ఒక్కటే కారింది. పెడల్ గట్టిపడింది.

"పీర్లకాడికి రారాదు సారూ. ఒక్కనివి ఇంట్ల ఏం జేస్తవ్?" అంది గిన్నె చంకన పెట్టుకుంటూ.

రానన్నాను.

మరునాడు అక్కను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఘాటు దిగాను. ప్రతి మలుపులో బ్రేకు పట్టింది.

"ఇన్ని నెలలు ఎవలతోని మాట్లాడినవ్ రా?" అంది అక్క.

"నిన్న పక్కింటామెతోని మాట్లాడిన."

"నిన్న గాదు. మొన్న?"

మలుపు వచ్చింది. గేరు తగ్గించాను.