బోణీకి ముందు వైవా

ఆ రోజుల్లో అంటే మరీ వెనకటి కాలమేమీ కాదు. అప్పటికే మా ధర్మవరంలో పట్టుచీరలు ఫోన్లో అమ్ముడుపోతున్నాయి, చదువులు కూడా ఫోన్లోకే వచ్చేశాయి. నేను పగలంతా ఒక చీరల అంగడిలో వీడియో కాల్ మీద చీరలు చూపించేదాన్ని, సాయంత్రం ఇంటికొచ్చి అదే ఫోన్లో బిజినెస్ డిగ్రీ పాఠాలు వినేదాన్ని. పగలు "మేడమ్, నేను వినిపిస్తున్నానా?" అని నేను అడిగితే, సాయంత్రం మా సార్లు నన్ను అడిగేవాళ్లు. పాఠంలో 'వినియోగదారుడి మనస్తత్వం' అన్న మాట రాగానే, పొద్దున నలభై చీరలు విప్పించి "మా ఆయన్ని అడిగి చెప్తా" అని కాల్ కట్ చేసినామె గుర్తొచ్చి పళ్లు కొరుక్కునేదాన్ని. (ఆ కోపానికి పుస్తకంలో ఏదో చక్కని పేరు ఉంది, ఇప్పుడు గుర్తులేదు.)

మా ఇంట్లో ముందుగదంతా మగ్గమే. మొదటి క్లాసులోనే సారు "అక్కడెవరో మేకులు కొడుతున్నట్టున్నారు, ఆపమని చెప్పండి" అన్నారు. కొడుతున్నది మా నాయన. ఆ రోజు నుంచి నేను మాట్లాడటానికి ఫోన్ మీద వేలు పెడితే చాలు, నాయన కాలు టక్కున ఆగిపోయేది. నా మాట అయ్యాక మళ్లీ మొదలుపెట్టేవాడు. చదువు సంగతి ఆయనకేమీ తెలియదు గానీ నా వేలి మీద మాత్రం ఒక కన్ను ఉండేది. అయితే నాయన ఒక్కడు ఆపితే ఏం లాభం, మా వీధంతా మగ్గాలే. చివరి ఏడాది వైవా, అదే నోటి పరీక్ష, ఇంట్లో కూర్చుని ఇవ్వబోతే, అవతలి సారుకు నా జవాబుకు బదులు వీధి మొత్తం వినిపించింది. ఇంకొక్క అవకాశం ఇస్తాం, అది కూడా పోతే ఏడాదంతా మళ్లీ చదవాల్సిందే అన్నారు. ఇక్కడేమో మా అంగడి సావుకారు, డిగ్రీ చేతికొస్తే ఆన్‌లైన్ అమ్మకాలన్నీ నాకే అప్పగిస్తానని, లేకపోతే బెంగళూరు నుంచి ఎవరినో తెస్తానని చెప్పి ఉన్నాడు.

ఆ సావుకారే దారి చూపించాడు. "ఇంట్లో ఎందుకు పాపా, అంగడి మీద వీడియో రూములో కూచో. నెట్టుంది, లైటుంది. అంగడి తెరిసే లోపల నీ పరీక్ష ముగించుకో" అన్నాడు. పొద్దున్నే తాళంచెవి ఇచ్చి, కింద గుమ్మం దగ్గర ఊదుబత్తి వెలిగించుకుంటూ ఉండిపోయాడు. నేను పైకి వెళ్లి, రోజూ చీరలు చూపించే స్టాండుకే ఫోన్ తగిలించి, రోజూ వేసే లైటే వేసి, చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. తెర మీద ఒక మేడమ్ వచ్చారు. గదిలో నేను తప్ప ఇంకెవరు కనిపించినా పరీక్ష రద్దు అని ముందే చెప్పారు. సరేనని తల ఊపాను.

అందరికీ చెప్పాను గానీ మడత మామకు చెప్పడం మర్చిపోయాను. మామ మా అంగడిలో చీరలు మడతపెట్టే పెద్దాయన, గుబురు మీసాలు. ఆయనకు ఒకటే పట్టుదల, బోణీ బేరం తిరిగిపోకూడదు. పొద్దున మొదట వచ్చిన మనిషి చీర కొనకుండా పోతే ఆ రోజంతా ఆయన ముఖం చూడలేకపోయేవాళ్లం. ఆ రోజు ఆయన వెనక మెట్ల మీదుగా ముందే వచ్చినట్టున్నాడు. అప్పుడే మేడమ్ ఇంగ్లీషులో "కొనాలా వద్దా అని తటపటాయించే కస్టమర్‌ని ఎలా ఒప్పిస్తావు?" అని అడిగారు. నాకు పుస్తకంలోని బొమ్మ గుర్తుంది, దాని నిండా బాణాలు గుర్తున్నాయి, ఏ బాణం ఎటు పోతుందో మాత్రం గుర్తులేదు. తలుపు దగ్గర నిలబడ్డ మామకు మేడమ్ మాట వినిపించదు కదా. ఆయనకు కనిపించిందల్లా వెలిగే లైటు, తెర మీద ఒక ఆడమనిషి, ఉలుకూ పలుకూ లేని నేను.

"ఏమి పాపా, బోణీ బేరాన్ని అట్ల సూస్తా కూచుంటే యాడన్నా కొంటారా?" అంటూ లోపలికి వచ్చేశాడు. నేను చెయ్యి ఊపేలోగా ఉల్లిపొర రంగు చీర ఒకటి లాగి, విదిలించి, కొంగు తన భుజాన వేసుకుని ఫోన్ ముందు నిలబడ్డాడు. "అమ్మా, ఇట్ల సూడండి. మడతలో ఏం తెలుస్తాది? ఒంటి మీద పడితేనే దీని అందం" అంటూ, మీసాలతో సహా, అటూ ఇటూ తిరిగి చూపించాడు.

నా ప్రాణం పోయింది. మేడమ్ ఇంగ్లీషు వదిలేసి "ఆయనెవరమ్మా?" అన్నారు.

"మామ, మేడమ్."

"మీ మామగారా?"

"కాదు మేడమ్, అంగడిలో అందరికీ మామే."

"పరీక్ష ఆపేయాలి నేను, తెలుసు కదా?"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "మామా, ఈమె బేరం కాదు, నా పరీక్ష!" అన్నాను. మామ అలాగే, భుజాన కొంగుతో, కొయ్యబారిపోయాడు. తర్వాత ఫోన్‌కు రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, పాపకేమీ తెల్దు. పొద్దస్తమానం ఈడ నిలబడి పనిచేసి, ఇంటికి పోయి సదువుకుంటాండాది. తప్పు చేసినోణ్ణి నేనుండా. ఫెయిల్ చేసేదుంటే నన్ను చేయండమ్మా."

మేడమ్ కాసేపు కెమెరా వైపు చూడలేదు. మళ్లీ చూసినప్పుడు కళ్లు తుడుచుకుంటున్నారు, నవ్వుకే అనుకుంటాను. "ఆయన్ని పంపించి తలుపు వెయ్యి. గదంతా చూపించు. ఇందాకటి ప్రశ్న తీసేశాను" అన్నారు. అంతా చేశాక, "ఇప్పుడు ఆయన చేసిన పనేమిటో, ఎందుకు చేశారో తెలుగులోనే చెప్పు" అన్నారు. ఇక నా నోటికి అడ్డు లేదు. బోణీ సంగతి, మడతలో ఉన్న చీరను ఏ ఆడమనిషీ తనదనుకోలేకపోవడం, ఫోన్లో పట్టు చేతికి తగలదు కాబట్టి మేం దాన్ని ఎలా కదిలించి చూపించాలో, అన్నీ చెప్పాను. చివరికి ఆ బాణాలు కూడా ఎటు పోవాలో వాటంతటవే గుర్తొచ్చాయి.

తలుపు తీస్తే మామ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, కొంగు ఇంకా భుజాన్నే ఉంది.

"ఏమాయ పాపా?"

"పాసయినట్టే ఉంది మామా."

"అది సరే, ఆయమ్మ చీర తీసుకునిందా లేదా?"

లేదనగానే ఆయన ముఖం వాడిపోయింది. చీరను మడతపెట్టి పై అరలో వేరుగా పెట్టాడు. ఎవరడిగినా "అది ఒకరు తమకని చెప్పి పెట్టినారు" అని తియ్యనిచ్చేవాడు కాదు. ఫలితాలు వచ్చి, సావుకారు మాట నిలబెట్టుకుని, వీడియో రూము నా చేతికొచ్చిన చాలా రోజులకు ఒక కాల్ వచ్చింది. ఆ మేడమే. "పరీక్షల పని అయిపోయింది కాబట్టి అడుగుతున్నాను, మీ మామ భుజాన ఉన్న చీర ఉందా?" అన్నారు. మామ ఏమీ ఆశ్చర్యపోలేదు, స్టూలెక్కి దించాడు. "ఆ పొద్దు బోణీ ఈ పొద్దయింది, అంతే" అన్నాడు.

మామ ఇప్పుడు పనికి రావడం లేదు, మోకాళ్లు మెట్లెక్కనివ్వవు. ఎవరైనా తటపటాయిస్తే నేనే చీర భుజాన వేసుకుని ఫోన్ ముందు అటూ ఇటూ తిరుగుతాను. అలా తిరిగినప్పుడల్లా, అదే లైటు కింద చెమటలు కక్కుతూ కూర్చున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. నాయన మగ్గం ఆపాడు, సావుకారు తాళంచెవి ఇచ్చాడు, మామ ఆ పిల్లకు బదులు తనను ఫెయిల్ చెయ్యమన్నాడు. ఇంతమంది తోడు ఉండగా, తన పని అయిపోయిందని ఏడవబోయింది, పిచ్చిది.