నీళ్లు కలపని తేజాబు

కరీంనగర్‌లో వెండి తీగ పని చేసే ఒక కార్ఖానాలో, పదిమంది పనివాళ్ల ముందు అవుసుల మొండయ్యను నోరు తెరవమన్నారు. తెరిచాడు. మేస్త్రీ సాంబయ్య ఆయన నాలుక కింద వేలు పెట్టి వెతికాడు. తర్వాత ధోవతి విప్పించాడు. వెండి దొరకలేదు. అయినా దొంగ మొండయ్యే అన్నారు. అది 1955.

ఆ రోజు ఆయన అల్లిన వెండి అత్తరుదానిని కడిగి తూస్తే రెండు తులాలు తగ్గింది. అల్లికకు పట్టిన నలుపు పోవడానికి తేజాబులో, అంటే నీళ్లు కలిపిన ఆమ్లంలో ముంచుతారు. సీసా మూత తీసేదీ, అందులో నీళ్లు కలిపేదీ మేస్త్రీ ఒక్కడే. మిగతావాళ్లకు తెలిసింది ఆ కలిపిన నీళ్లే.

"తేజాబు వెండిని తింటదా? ఇరవై ఏండ్ల సంది ముంచుతలేమా?" అని సాంబయ్య అడిగితే, తినదనే మొండయ్య కూడా అనుకున్నాడు. కులపెద్దలు ఆయన్ను ఇక ఏ కుంపటి దగ్గరా కూర్చోవద్దన్నారు.

భార్య సత్తవ్వను తీసుకుని బెల్లంపల్లి వచ్చి, బొగ్గుబావిలో తట్టలు మోశాడు. మా పక్క ఇల్లే. వెంట్రుకంత తీగను మల్లెమొగ్గలా చుట్టిన వేళ్లు ఎనిమిదేళ్లలో మొద్దుబారాయి. ఎదుటివాడు నోరారా నవ్వితే ఆయన ముఖం తిప్పుకునేవాడు.

నేను బడి మానేసి, దొరికిన పుస్తకమల్లా చదివే రోజులు. ఒక ఆదివారం చిరిగిన సైన్సు పుస్తకంలో ఒక పేజీ ఆయనకు పైకి చదివాను. ఆమ్లం ఎంత చిక్కనైతే లోహాన్ని అంత త్వరగా కరిగిస్తుందని ఉంది. వెండిని కరిగించే ఆమ్లం చిక్కగా ఉండి చర్మానికి తగిలితే పసుపుపచ్చని మరక పడుతుందని, కడిగినా పోదని కూడా ఉంది.

మళ్లీ చదవమన్నాడు. నాలుగుసార్లు చదివించాడు.

"గా దినం సాంబయ్య వేళ్లు పచ్చగున్నయి," అన్నాడు. "పసుపన్నడు."

ఇద్దరం కరీంనగర్ పోయాం. కులపెద్ద గట్టయ్య ఇంటి ముందు సాంబయ్యతో సహా కులంవాళ్లందరూ కూర్చున్నారు.

"ఎనిమిదేండ్ల ముచ్చట ఇప్పుడేందిరా మొండయ్యా?" అన్నాడు గట్టయ్య.

"నాకు మొన్ననే తెలిసింది పెద్దయ్యా."

మొండయ్య రెండు గాజుగ్లాసులు పెట్టించాడు. ఒకదానిలో ఒక వంతు తేజాబు, పది వంతుల నీళ్లు. రెండోదానిలో ఉత్త తేజాబు. ఒకే చుట్టలోంచి తుంచిన తీగ ముక్కలు రెండు వేశాడు. నీళ్లు కలిపినదాంట్లో తీగ తెల్లబడి అట్లాగే ఉంది. రెండోదాంట్లో ఎర్రటి పొగ లేచింది. గట్టయ్య బీడీ సగం కాలకముందే తీగ లేదు.

"గారడోని లెక్క తయారైనవు," అన్నాడు సాంబయ్య.

మొండయ్య మొదటి గ్లాసులో తన వేలు ముంచి తీసి, అందరికీ చూపించాడు. ఏమీ కాలేదు. ఆ తర్వాత సాంబయ్య మణికట్టు పట్టుకుని రెండో గ్లాసు మీదికి లాగాడు.

"ముంచు. పసుపు అంటుతదో లేదో వీళ్లందరు చూస్తరు."

బొగ్గు మోసిన చెయ్యి అది. సాంబయ్య విడిపించుకోలేకపోయాడు. వేలికొన గ్లాసు అంచుకు తగిలింది.

"నీళ్లు కలుపలే," అన్నాడు సాంబయ్య. "పెండ్లోళ్లు తొందర వెట్టిరి. జల్ది తెల్లగైతదని ఉత్తదే పోసిన. చూసేవరకు తిన్నది. గిన్నె పారవోసిన."

జుర్మానా ఎంత వేయాలో చెప్పమన్నాడు గట్టయ్య.

"పైసలొద్దు. నోరు తెరువుమను."

సాంబయ్య తెరిచాడు. మొండయ్య వేలు పెట్టలేదు. ఊరికే నిలబడి చూశాడు. దవడలు వణికి చొంగ కారేదాకా చూశాడు. చాలని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. ఇంకాసేపు ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను.

కుంపటి ఇచ్చారు గానీ తీగ ఆ వేళ్లకు లొంగలేదు. మూడు నెలలకు మళ్లీ బొగ్గుబావికే వచ్చాడు.

చివరిసారి 1967లో పెద్దపల్లి స్టేషన్‌లో కలిశాం. కరీంనగర్ నుంచి వస్తున్నాడు. సాంబయ్యకు పక్షవాతమని అప్పటికే విన్నాను.

"చూసొచ్చినవా కాకా?" అని అడిగాను.

"చూసిన. నోరు తెరిచే పండుకున్నడు, మూసుకోవస్తలేదట. పక్కన కూసొని లోపల ఇంకోపారి చూసిన కొడుకా."