పర్చూరులో తోడల్లుడి నారుమడి

ఎనభైల చివర్లో ఒక శ్రావణ మాసం. గుంటూరు పక్కన మా ఊళ్లో నా మిరప నారు రెండోసారి కూడా మొదలు కుళ్లి పడిపోయింది. మూడోసారి పోసింది నిలవకపోతే ఆ ఏడు మిరప తోట లేనట్టే. సరిగ్గా అప్పుడే మా ఆవిడ, "పర్చూరులో మా బావగారి నారు ఒక్క మొక్క కూడా చావలేదట" అంది. ఆ బావగారు ఆమె అక్క భర్త, నా తోడల్లుడు సుబ్బారావు. నాకు అన్నం సయించలేదు. వెళ్లి చూసి, అది అంత గొప్పగా ఏమీ లేదని తేల్చుకుంటే తప్ప మనసు కుదుటపడేలా లేదు.

ఉదయం ఆరింటికి గుంటూరులో బస్సెక్కి, చిలకలూరిపేటలో టీ తాగి, పర్చూరు బస్సు పట్టుకున్నాను. రెండు టిక్కెట్లూ కలిపి పది రూపాయల లోపే. దారి పొడవునా నల్లరేగడి చేలు, పత్తి మొలకలు. ఎక్కడైనా పాడైన నారుమడి కనిపిస్తే నాకు ప్రాణం లేచొచ్చేది. "ఇటు కూడా నారు పోయిందా?" అని కండక్టర్ని అడిగాను. "పోని ఊరేదండీ! మా సుబ్బారావు గారిది తప్ప" అన్నాడు. బస్సులో కూడా ఆయన పేరే.

తొమ్మిదిన్నరకి మడి గట్టున నిలబడ్డాను. ఒత్తుగా, పచ్చగా ఉంది నారు. కడుపు మండిపోయింది.

"ఏం మందు కొట్టావన్నయ్యా?"

"మందు కాదు తమ్ముడూ, వ్యవసాయ కాలేజీ వాళ్లిచ్చిన పొడి. మట్టిలో ఉండే మంచి బాక్టీరియా అంట. గంజితో విత్తనానికి పట్టించి పోశాను. అది వేరుని పట్టుకుని, కుళ్లబెట్టే బూజుని దగ్గరికి రానివ్వదంట."

"నీకే ఎందుకిచ్చారు?"

"నిన్నే ముందడిగారంటగా! పోయినేడు నీ తోటంతా ఎండిపోయి ఒక్క మొక్క మిగిలితే, దాని వేరు దగ్గర మట్టి పట్టుకెళ్లిన కాలేజీ సారు గుర్తున్నాడా? ఈ బాక్టీరియా ఆ మట్టిలోదే. ప్రయోగానికి ఒక మడి ఇమ్మంటే నువ్వు నవ్వావంట."

నవ్వాను నిజమే. మట్టి దేనికయ్యా, పొయ్యి వేసుకోవడానికా అని కూడా అన్నాను.

వదిన గోంగూర పచ్చడితో అన్నం పెట్టింది. వచ్చేటప్పుడు సుబ్బారావు మిగిలిన పొడి మొత్తం నా సంచిలో వేశాడు. నేను అడగనే లేదు. అడగకుండానే ఇచ్చాడని ఇంకా మండింది. బస్సులో ఆ సంచి ఒళ్లోంచి దించలేదు.

మూడోసారి నా నారు నిలబడింది. "మా బావగారి చలవ" అంది మా ఆవిడ. "ఆ మట్టి మనది" అన్నాను. "మనదే. మీకు అక్కర్లేకపోయింది" అంది. ఇప్పటికీ పర్చూరు బస్సు కనిపిస్తే నాకు సుబ్బారావు మీద కుళ్లే.

అటు వెళ్లి ఆ పొడి తెచ్చుకునేవాళ్లకి ఒక్క మాట. పట్టించిన విత్తనాన్ని ఎండలో కాదు, నీడలోనే ఆరబెట్టండి. మీ తోటంతా ఎండి ఒక్క మొక్క మిగిలితే మాత్రం, తోడల్లుడికి తెలిసేలోపు దాని వేరు దగ్గర మట్టి మీరే తీసుకోండి.