ఏడుపు మాత్రం నాది

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు మా స్మృతి నగర్ వీధిలోకి కూరల బండ్లు రావు. పాతసామాన్లు కొనేవాడు కూడా మైకు కట్టేసి భోజనానికి వెళ్లిపోతాడు. అందుకే నా రికార్డింగులన్నీ ఆ రెండు గంటల్లోనే. వెనకగది గోడలకు బొంతలు వేలాడదీసి, కిటికీకి పరుపు అడ్డం పెట్టి, కూలరు ఆపేసి కూర్చుంటాను. మే నెలలో పది నిమిషాలకే జాకెట్టు వీపుకు అతుక్కుపోతుంది. ఆ గదిలోనే ఆరేళ్లపాటు ఒక ముసలి గాడిదకు గొంతునిచ్చాను.

అది హైదరాబాదులో తయారయ్యే పిల్లల బొమ్మల సీరియల్. అడవి అంచున టీకొట్టు నడిపే గాడిద అమ్మమ్మ అందులో చిన్న పాత్ర. మొదటి ఎపిసోడులో మూడే మూడు మాటలు. డబ్బింగ్ డైరెక్టరు ఫోన్‌లో, “ముసలి గొంతు పెట్టండి మేడమ్, చాలు” అన్నారు. ముసలి గొంతు అనగానే అందరూ వణికిస్తారు. నాకది నచ్చదు. ఏం చేయాలా అని ఆలోచిస్తుంటే వంటింట్లోంచి అమ్మ మాట వినపడింది. ఫోన్‌లో మా పిన్నితో పోట్లాడుతోంది.

అమ్మది విజయనగరం దగ్గర పల్లె. ఉక్కు ప్లాంటులో పనిచేసే నాన్నను పెళ్లి చేసుకుని ఈ భిలాయ్ వచ్చింది. ఇన్నేళ్లూ హిందీ మధ్య బతికినా ఆమె మాట ఇసుమంతైనా మారలేదు. వాక్యం చివర గొంతు కాస్త లేపి, ఎదుటివాళ్లు జవాబు చెప్పేదాకా అక్కడే ఆపి ఉంచుతుంది. కాగితం మీద “టీ తాగి వెళ్లండి” అని ఉంటే, నేను అమ్మ గొంతులో, “ఏటి, టీ తాగకుండా ఎల్లిపోతావేటి?” అన్నాను. డైరెక్టరు నవ్వి ఉంచేశారు. ఏడాది తిరిగేసరికి రచయితలే ఆ గొంతుకు తగ్గట్టు మాటలు రాయడం మొదలుపెట్టారు. గాడిద అమ్మమ్మ లేని ఎపిసోడు లేకుండా పోయింది.

ఆ సీరియల్‌ను సినిమాగా తీస్తున్నారని తెలిసినప్పుడు పాత్ర నాదేనా అని అడగాలని కూడా నాకు తోచలేదు. వారం తర్వాత డైరెక్టరు ఫోన్ చేశారు.

“అమ్మమ్మకి ఒక హీరోయిన్‌ని అనుకున్నారు మేడమ్. పోస్టరు మీద తెలిసిన పేరుండాలి కదా. మీరు గైడ్ ట్రాక్ ఇచ్చేయండి.”

గైడ్ ట్రాక్ అంటే, చెప్పబోయే నటి విని అనుసరించడానికి ముందుగా మరొకరు చెప్పి పెట్టే గొంతు. కాదనవలసింది. అనలేదు. సినిమా మొత్తం నా గొంతులో వింటే వాళ్లే మనసు మార్చుకుంటారని లోపల ఒక పిచ్చి ఆశ. తొమ్మిది మధ్యాహ్నాలు చెమటలో కూర్చుని ప్రతి మాటా ప్రాణం పెట్టి చెప్పాను. విన్నారు, మెచ్చుకున్నారు. ఎవరూ మనసు మార్చుకోలేదు.

తర్వాత ఆ హీరోయిన్‌కు యాస నేర్పమన్నారు. వీడియో కాల్‌లో ఆమె పుస్తకం, పెన్నూ పట్టుకుని కూర్చుంది. “అక్కా, ‘ఏటి’ని ఎక్కడ లాగాలి?” అని అడిగింది. ఒకే మాటను ముప్పైసార్లు చెప్పించుకుంది. పొగరుగా ఉండి ఉంటే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆమె మంచిది, అదే నాకు కష్టమైంది. చివరిరోజు, “మీ అంత బాగా నాకెప్పటికీ రాదక్కా” అంది. నిజంగానే అంది. మరి ఎందుకు చేస్తున్నావమ్మా అని నోటిదాకా వచ్చింది. “బాగానే వస్తోందండీ” అన్నాను.

అంతటితో అయిపోయిందనుకుంటే డైరెక్టరు మళ్లీ ఫోన్ చేశారు. సినిమాలో టీకొట్టు వరదకు కొట్టుకుపోతుంది. అక్కడ అమ్మమ్మ ఏడవాలి. హీరోయిన్‌కు ఆ ఏడుపు కుదరలేదు, ఆమె ఇచ్చిన డేట్లూ అయిపోయాయి.

“ఏడుపు, దగ్గు, ఆ ఓండ్రపెట్టడం, ఇవి మాత్రం మీరు ఇవ్వండి మేడమ్. అతికించేస్తాం. తెలీదు.”

ఇచ్చాను. ఎందుకిచ్చానని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. ఆ గాడిద తప్పుగా ఏడిస్తే నేను భరించలేను, అంతకంటే వేరే కారణం లేదు.

సినిమా వచ్చాక అమ్మనూ, మా అన్నయ్య కూతుర్నీ తీసుకుని మాల్‌కు వెళ్లాను. మా మేనకోడలికి ఏడేళ్లు, తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే హిందీయే. గాడిద అమ్మమ్మ మొదటి మాట మాట్లాడగానే నా చెవి దగ్గరికి వంగి, “అత్తా, దాదీ కో జుకామ్ హువా క్యా?” అంది. గాడిదకు జలుబు చేసిందా అని దాని అనుమానం. వరద సీను వచ్చాక అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

“ఇది నువ్వే కదేటి.”

“అవునమ్మా.”

“మాటాడింది ఆవిడ, ఏడిసింది నువ్వా?”

చివర పేర్లన్నీ పడేదాకా ఇద్దరినీ కూర్చోబెట్టాను. భోజనాలు వండినవాళ్ల పేర్లున్నాయి, కార్లు నడిపినవాళ్ల పేర్లున్నాయి. ఉండవలసిందే. నా పేరు మాత్రం లేదు. తర్వాత ఒక ఇంటర్వ్యూలో యాంకరు, ఉత్తరాంధ్ర యాస కోసం మీరు చాలా కష్టపడ్డారట కదా అని హీరోయిన్‌ను అడిగింది. ఆమె నవ్వి తల దించుకుంది. అవునని అనలేదు, నేర్పినవాళ్లున్నారనీ అనలేదు.

డైరెక్టరుకు ఫోన్ చేసి గట్టిగానే అడిగాను.

“మీ పేరు వేస్తే ఆవిడ చెప్పలేదనుకుంటారు మేడమ్. మీరు సీనియరు, మీకు తెలీనిదా?”

తెలుసు. తెలుసన్న మాటతోనే ఇన్నాళ్లూ నా నోరు మూయించారు.

మూడు నెలలకు సీరియల్ కొత్త సీజన్ మొదలైంది. పాత్ర మళ్లీ నాకే వచ్చింది గానీ, ఒక షరతు. “పిల్లలకి సినిమా గొంతు అలవాటైపోయింది. అచ్చం ఆవిడ చెప్పినట్టే చెప్పాలి. ఒక నమూనా పంపండి.”

అంటే మా అమ్మ మాటను నా నుంచి ఆమె నేర్చుకుంది. ఆమె నేర్చుకున్న తప్పులతో సహా నేనిప్పుడు మా అమ్మలా మాట్లాడాలి. మైకు ముందు కూర్చున్నాను. పావుగంటలో వచ్చేసింది. పైకి లేవవలసిన చోట గొంతు దించేయడం, ‘ఏటి’ని నవ్వులాటగా సాగదీయడం, అన్నీ. నా పని అదే, ఎవరి గొంతైనా పట్టగలను. కానీ విన్నప్పుడు నా మీద నాకే అసహ్యమేసింది. గుమ్మంలో అమ్మ నిలబడి ఉందని అప్పుడు చూశాను.

“ఎవర్ని ఎక్కిరిస్తన్నావే?” అంది.

నమూనా పంపలేదు. చేయనని రెండు వాక్యాలు రాసి పంపాను. ఎవరూ బతిమాలలేదు. హైదరాబాదులో ఒకమ్మాయి దొరికిందట, బాగానే చెప్తోందట. మా మేనకోడలు ఆ సీరియల్ ఇంకా చూస్తుంది. నేను ఆ పక్కకు వెళ్లను. ఒక్కోసారి బియ్యం కడుగుతూ, చేసి ఉండవలసిందేమో అనుకుంటాను. పాత్ర చేతిలో ఉంటే మెల్లగా పాత గొంతుకు తెచ్చుకోగలిగేదాన్నేమో.

మొన్న డైరెక్టరు మళ్లీ ఫోన్ చేశారు. ఆ అమ్మాయికి దగ్గు సరిగ్గా రావడం లేదట. పేరు వేస్తేనే ఇస్తానన్నాను. కనుక్కుని చెప్తానన్నారు. ఇంకా చెప్పలేదు.